నోట్లో పంచదార

బోధకుడు పడిపోయిన క్షణం నుంచి లేచి కూచున్న క్షణం దాకా తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. కత్తెర ఆ ముక్కను మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు చూసింది. కత్తెర అనేది ఆఫీసులో పెట్టిన పేరు. అతుకు కనపడకుండా ఆమెలా కోసేవాళ్ళు ఆ అంతస్తులో లేరు. ఇంట్లో బావ కూడా అదే పేరుతో పిలుస్తాడు గానీ, ఆయన అనేది ఆమె నోటి గురించి.

'ఒకే కప్పు' టీవీ కార్యక్రమం నలభై ఒకటో రోజుకు వచ్చింది. పన్నెండుమంది ఒకే ఇంట్లో ఉండాలి. దేవుణ్ణి నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు, ఎటూ తేల్చుకోలేనివాళ్ళు. జనం ఓట్లు తక్కువ పడినవాళ్ళని వారానికొకర్ని బయటికి పంపుతారు. మొదటివారం బోధకుణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. రెండోవారంలో ఆయన, నమ్మనివాళ్ళతో ఒకే బల్ల మీద తిననని కంచం పట్టుకుని నేలమీద కూచున్నాడు. మూడోవారంలో, నమ్మనివాళ్ళంతా నడుస్తున్న శవాలన్నాడు. అప్పట్నుంచి చూసేవాళ్ళ సంఖ్య పెరుగుతూనే ఉంది. "మందు మింగినప్పుడల్లా ఒక అనుమానం మింగుతున్నావు" అని ఆయన అన్న మాట బస్సుల వెనక, ఆటోల వెనక కనిపిస్తోంది.

ఇప్పుడు తెరమీద ఆయన వంటగదిలో పొయ్యిగట్టుకు ఆనుకుని జారిపోతున్నాడు. ఉపవాసం మొదలుపెట్టి మూడోరోజు. చొక్కా వీపంతా తడిసిపోయింది. తక్కినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆ పన్నెండుమందిలో ఒకతె అయిన నర్సు మాత్రం రెండంగల్లో దగ్గరికి వచ్చి, చెంప తట్టి, మెడ మీద వేళ్ళు పెట్టి చూసి, పక్కకు తిప్పి పడుకోబెట్టింది.

"పంచదార డబ్బా ఇటివ్వండి. అలా గుడ్లప్పగించి చూస్తారేం?"

వేలు తడిచేసి, పంచదారలో అద్ది, ఆయన చెంప లోపల రాసింది. మళ్ళీ అద్దింది, మళ్ళీ రాసింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. నిమిషాలు లెక్కపెట్టుకుంటోంది. ఆరో నిమిషంలో ఆయన కళ్ళు తెరిచాడు. తరవాతి మాటలు ఆయన కాలర్ మైకుకు తప్ప మరి దేనికీ అందలేదు.

"షుగర్ బిళ్ళ వేసుకున్నారా?"

ఆయన గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

"పొద్దున."

"ఏమీ తినకుండానా? చచ్చిపోయేవారు తెలుసా!"

"ఎవరికీ చెప్పకు."

"చెప్పను. ముందు ఈ నీళ్ళు తాగండి."

రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకుని, చంటిపిల్లాడిలా గ్లాసుడు పంచదార నీళ్ళూ తాగాడు. అడుగున మిగిలిన పంచదార కోసం గ్లాసు పైకెత్తాడు. గుమ్మం దగ్గరివాళ్ళు లోపలికి వస్తున్న అలికిడి విని ఆమె చేతిని విసిరికొట్టాడు.

"మందులు ముట్టిన చెయ్యి నన్ను ముట్టకూడదు! నన్ను లేపినవాడు పైనున్నాడు!"

నర్సు లేచింది. గ్లాసు కడిగి బోర్లించింది.

"ఈ తొమ్మిది నిమిషాలూ వద్దు," అన్నాడు ప్రొడ్యూసర్, కుర్చీ వెనక నిలబడి టీ ఊదుకుంటూ. "పడ్డాడు, లేచాడు, చెయ్యి తోసేశాడు. అంతే. నలభై సెకన్లలో అయిపోవాలి."

"సర్, ఆవిడ లేకపోతే మనిషి పోయేవాడు."

"పోలేదుగా. పడ్డాడా? పడ్డాడు. లేచాడా? లేచాడు. ఇందులో మనం చెప్పిన అబద్ధం ఏముంది?"

"మరి ఆ బిళ్ళ సంగతి?"

"ఎవరికీ చెప్పనని మాటిచ్చింది కదమ్మా ఆవిడ! ఆవిడ మాట మనం నిలబెడుతున్నాం." తన హాస్యానికి తనే నవ్వుకుని, "నువ్వు చేస్తేనే బాగుంటుంది. వేరేవాళ్ళకిస్తే అతుకు తెలిసిపోతుంది," అని వెళ్ళిపోయాడు.

అతుకు తెలియకూడదంటే మధ్యలో ఏదో ఒకటి చూపించాలి. గోడ గడియారం పనికిరాదు, టైము పట్టిస్తుంది. కత్తెర వెనక్కి వెళ్ళి వెతికింది. కిందటివారం ఆ ఇంట్లోనే ఉండే ఒక ముసలావిడ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్న షాటొకటి దొరికింది. కిటికీ తెర గాలికి ఊగే షాటొకటి దొరికింది. పడిపోవడం, ముసలావిడ చేతులు, తెర, లేచి కూచోవడం, విసిరికొట్టడం. ముప్ఫయ్యెనిమిది సెకన్లు. నర్సు చెయ్యి ఒక్కసారే కనిపిస్తుంది, అదీ వద్దన్నా మీదికొస్తున్నట్టు.

మళ్ళీ వేసి చూసుకుంది. బాగా వచ్చింది. బాగా వచ్చినందుకు ఎప్పుడూ కలిగే చిన్న సంతోషం ఈసారి కూడా కలిగింది, దాంతో తన మీద తనకే అసహ్యం వేసింది. కోసి పక్కన పెట్టిన తొమ్మిది నిమిషాలనూ తలుపు వైపు చూస్తూ ఫోన్‌లోకి ఎక్కించుకుంది. అలా చేస్తే ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు.

*

మర్నాడు సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి ఆ ముప్ఫయ్యెనిమిది సెకన్లు టీవీలో వస్తున్నాయి. అక్క సోఫా అంచున కూచుని, చేతిలో మడతపెడుతున్న తువ్వాలును అలాగే గుండెకు అదుముకుని చూస్తోంది. అక్క లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఇంటికొచ్చాక కూడా ఆమె చేతులు ఊరుకోవు, దేన్నో ఒకదాన్ని మడుస్తూనే ఉంటాయి. ఇవాళ ఆగిపోయాయి.

"చూశావుటే? మూడు రోజులు మెతుకు ముట్టలేదు. పడ్డాడు. తనంతట తనే లేచాడు!"

"ఆకలికి పడ్డాడు అక్కా."

"ఆకలికి పడ్డవాడు ఏమీ తినకుండా ఎలా లేస్తాడే?"

కత్తెర సంచి కింద పెట్టింది. దానికి ఉన్న జవాబును నిన్న తనే కోసేసింది.

బావ కింద కూచుని ఇస్త్రీపెట్టె వైరు బాగుచేస్తున్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్. "మా లిఫ్టులూ అంతే," అన్నాడు. "పడతాయి, లేస్తాయి. మధ్యలో నేనొకణ్ణి లోపల చెమటలు కక్కుతుంటానని ఎవరికీ తెలీదు."

"మీకన్నీ ఎగతాళే," అంది అక్క. తరవాత గొంతు తగ్గించి చెల్లెలి వైపు తిరిగింది. ఆమె మొహంలో చిన్నపిల్ల దాచుకున్న గెలుపులాంటిది ఏదో ఉంది. "అరవనంటే ఒకటి చెప్తా. నేనూ మానేశా. ఇవాళ్టికి పన్నెండో రోజు."

"ఏం మానేశావు?"

అక్క బాల్కనీ వైపు చూసింది. ఆ ఇంట్లో మానేయడానికి ఉన్నది ఒకటే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఇరవై రెండేళ్ళుగా వేసుకుంటున్న ఫిట్స్ బిళ్ళ.

బావ చేతిలో స్క్రూడ్రైవరు నిలిచిపోయింది. "రోజూ పొద్దున్నే గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్తున్నావుగా?"

"నీళ్ళు మొక్కకు పోస్తున్నా."

"బిళ్ళ?"

"అదీ మొక్కకే."

"అయితే ఆ మొక్కకి జన్మలో ఫిట్స్ రావు," అన్నాడు బావ. నవ్వించాలని అన్న మాటే గానీ ఆయన మొహం పాలిపోయింది.

కత్తెర అరవనని మాటివ్వలేదు కాబట్టి అరిచింది. డాక్టరు ఏం చెప్పాడో, ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతుందో, ఏ రోజున ఏ వేడి ఇస్త్రీపెట్టె ముందు ఏం జరగొచ్చో అన్నీ చెప్పింది. అక్క అన్నీ వింది. తువ్వాలు మడత పూర్తిచేసి పక్కన పెట్టింది.

"అయిందా? ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ బిళ్ళ నాకు రోజుకి రెండుసార్లు ఏం చెప్తుందో తెలుసా? నువ్వు సగం మనిషివి అని. నీళ్ళ దగ్గరికి ఒక్కదానివే వెళ్ళకు, మేడ అంచున నిలబడకు, స్నానాల గది గడియ పెట్టుకోకు. ఇరవై రెండేళ్ళు! మీరంతా ప్రేమగానే చెప్పారు, కాదనను. ఆయనొక్కడే నువ్వు పూర్తి మనిషివన్నాడు. పన్నెండు రోజులు, చూడు, ఏమైంది నాకు? నిన్న గడియ పెట్టుకుని స్నానం చేశానే!"

గడియ పెట్టుకున్న సంగతి చెప్తూ ఆమె మడతపెట్టిన తువ్వాలును మళ్ళీ విప్పింది. కత్తెర ఇక అరవలేకపోయింది.

*

మర్నాడు పొద్దున అక్క పనికి బయల్దేరుతుంటే చెయ్యి పట్టి లాగి కూచోబెట్టి, ఫోన్ చేతికిచ్చింది.

"ఇది ఎవరికీ చూపించకూడదు. చూపిస్తే నా ఉద్యోగం పోతుంది. చూడు."

అక్క తొమ్మిది నిమిషాలూ రెప్పవేయకుండా చూసింది. "పొద్దున" అనే మాట దగ్గర వెనక్కి జరిపి మళ్ళీ వింది. మూడోసారి కూడా వింది. కత్తెర ఆమె మొహాన్ని చూస్తూ నిలబడింది. ఎక్కడో ఒకచోట ఆ మొహం కూలుతుందని, అప్పుడు పట్టుకోవడానికి తను దగ్గరుండాలని అనుకుంది.

అక్క ఫోన్ తిరిగిచ్చింది. "బాగా కుట్టావు."

"అక్కా!"

"ఎన్నిసార్లు చెప్పావు నువ్వే? సోమవారం ఏడుపుని శుక్రవారం నవ్వుకి అతికిస్తానని. అననివాడితో అనిపిస్తానని. టీవీలో వచ్చేదంతా మా చేతి పనే అక్కా, ఏదీ నమ్మకు అని నువ్వే కదా నాకు నేర్పావు. ఇప్పుడు ఇదొక్కటీ నమ్మమంటే ఎలా?"

"ఇది కొయ్యనిది. నేను కోసి పారేసింది ఇదే!"

"ఆ వేలుకు అంటింది పంచదారో కాదో ఇందులో తెలుస్తోందా?" అక్క చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. గుమ్మం దగ్గర ఆగింది. "సరే, నిజమే అనుకో. ఆయనకీ బిళ్ళలు అవసరమే అనుకో. అయినా అలా నిలబడి చెప్తున్నాడంటే ఎంత బాధ దిగమింగుతున్నాడో! నాకింకా జాలేస్తోంది ఆయన మీద."

ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది. మునుపు రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగేది. ఇప్పుడు చకచకా దిగుతోంది.

*

ఆ రోజు ఓట్లలో నర్సు బయటికి వచ్చేసింది. సాయంత్రానికి ఆమె ఇంటి కిటికీలన్నీ పగిలాయి. అద్దాలు ఏరుతుంటే రెండో విడత రాళ్ళు పడ్డాయట. గోడమీద 'ముట్టిన చెయ్యి విరుస్తాం' అని రాశారు. రాళ్ళు వేసినవాళ్ళే తీసి పెట్టిన వీడియోని ప్రొడ్యూసర్ ఆఫీసులో అందరికీ చూపించాడు. అయ్యో అని కూడా అన్నాడు. వెంటనే, "దీన్ని వచ్చేవారం మొదట్లో వాడదాం," అన్నాడు.

గురువారం మధ్యాహ్నం నర్సు తన పెట్టె తీసుకెళ్ళడానికీ, కాగితాల మీద సంతకాలు పెట్టడానికీ స్టూడియోకు వచ్చింది. వరండాలో బల్ల మీద ఒక్కతే కూచుంది. తెరమీద నలభై రోజులు చూసిన మనిషి ఎదురుగా అంత చిన్నగా కనిపించేసరికి కత్తెర నడక ఆపింది. పక్కనుంచి తల వంచుకుని వెళ్ళబోయింది.

"మీరు ఎడిటింగులో కదూ?" నర్సు లేచి నిలబడింది. "ఒక్క మాట. నేను ఆయన నోట్లో పంచదార రాసింది ఎక్కడికి పోయింది?"

"నాకు తెలీదమ్మా."

"మూడుసార్లు చూశాను టీవీలో. పడ్డాడు, లేచాడు. మధ్యలో నేను లేను." ఆమె గొంతులో కోపం లేదు, వార్డులో పోయిన మందుసీసాను వెతుకుతున్నట్టు అడుగుతోంది. "మా అమ్మ మంచంలో ఉంది. రాళ్ళు పడుతుంటే ఆవిడ మీద పరుపు కప్పి కూచున్నాను. ఆ ముక్క ఎవరి దగ్గరైనా ఉంటే చాలు నాకు. ఇంకేం వద్దు. ఆయన పరువు తీయాలని కాదు. బిళ్ళ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. నేను ఆయన్ని చంపబోయానంటున్నారు, కాదని తెలిస్తే చాలు."

"నేను వాళ్ళ కింద పని చేసేదాన్నమ్మా. వాళ్ళు ఇచ్చింది కోస్తాను. నా దగ్గరేం ఉండవు."

ఫోన్ ఆమె జేబులోనే ఉంది. నర్సు పాత రసీదు వెనక తన నంబరు రాసి చేతిలో పెట్టింది. రాళ్ళు పడ్డ ఇంట్లోంచి వచ్చిన మనిషి అక్షరాలు అంత గుండ్రంగా, అంత నిలకడగా ఎలా ఉన్నాయో కత్తెరకు అర్థం కాలేదు.

*

శుక్రవారం పదకొండింటికి బావ ఫోన్ చేశాడు. ముందు ఆసుపత్రి పేరు చెప్పాడు. తరవాత, "చెయ్యి కాలింది," అన్నాడు.

లాండ్రీలో తెల్లచొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ అక్క పడిపోయింది. పెట్టె ఆమెతోపాటే కింద పడింది. ఒళ్ళంతా కొట్టుకుంటున్నంతసేపూ కుడిచెయ్యి దానికిందే ఉంది. పక్కనున్నామె వైరు పీకేసింది గానీ ఇనుముకు వేడి వెంటనే పోదుకదా.

ఆసుపత్రిలో కట్టు మోచేతిదాకా ఉంది. కుట్లు వేసిన పెదవితో అక్క మెల్లగా మాట్లాడుతోంది. కత్తెర తిట్లు తిట్టడానికి సిద్ధపడి వచ్చింది గానీ ఆ కట్టు చూశాక మంచం పక్కన కూచుంది.

"నా తప్పే," అంది అక్క.

కత్తెర పట్టలేని సంతోషంతో దగ్గరికి జరిగింది. "పోనీలే అక్కా, ఇప్పటికైనా..."

"బుధవారం నువ్వా వీడియో చూపించావు చూడు. నమ్మలేదన్నాను గానీ, లోపల ఎక్కడో ఒక్క చుక్క అనుమానం పడింది. నిన్నంతా అదే ఆలోచన. అందుకే ఇలా అయింది." ఆమె చెల్లెలి చెయ్యి వెతికి పట్టుకుంది. "నిన్నేమీ అనడంలేదే. నా నమ్మకమే చాల్లేదు. సోమవారం నుంచి నేనూ మూడు రోజులు ఉపవాసం ఉంటాను."

ఆసుపత్రి నర్సమ్మ ఇచ్చిన బిళ్ళను అక్క నాలుక కింద పెట్టుకుని, ఆమె వెళ్ళాక దుప్పటి అంచులో ఉమ్మేసింది. బయట వరండాలో బావ గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. ఇదేంటి కత్తెరా, చేతులు కాలాక కూడా నిప్పునే పట్టుకుంటోంది! నా మాట వినదు, డాక్టరు మాట వినదు. ఇంకెవరు చెప్తే వింటుంది?"

ఎవరు చెప్తే వింటుందో ఇద్దరికీ తెలుసు.

*

శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ అంతస్తు ఖాళీ అయ్యాక కత్తెర గది తలుపు వేసుకుంది. నలభై రోజుల కాలర్ మైకు రికార్డింగు మొత్తం కంప్యూటర్లో ఉంది. అందులో ఆయన తిట్లున్నాయి, ప్రార్థనలున్నాయి, నిద్రలో గురకా ఉంది. ఆమెకు కావలసినవి ఏడెనిమిది మాటలు.

'తల్లీ' సులువుగానే దొరికింది. ముసలావిణ్ణి ఆయన రోజూ అలాగే పిలిచేవాడు. 'చెయ్యి' ఎటూ ఉంది. 'కాలిందటగా' పాలు పొంగిన రోజున దొరికింది. 'మందులు' అనే మాటను మాత్రం ఆయన ఎప్పుడూ కోపంగానే అన్నాడు. అరవై మూడు చోట్ల విని, అలసిపోయి ఉన్న ఒక ఉదయం కాస్త మెత్తగా అన్నది పట్టుకుంది. 'వేసుకో' కోసం గంట పట్టింది. ఆరోరోజు చలిలో, నర్సు ఒట్టి నేలమీద పడుకుంటే, దుప్పటి ఆమె వైపు విసిరి "వేసుకో" అన్నాడు. నలభై రోజుల్లో ఆయన ప్రేమగా అన్న మాట అదొక్కటే.

మాటకూ మాటకూ మధ్య ఊపిరి పెట్టింది. వంటగది మోత, పడకగది నిశ్శబ్దం వేరువేరుగా వినబడతాయి కాబట్టి అడుగున ఒకే ఫ్యాను చప్పుడు పరిచింది. 'మానకు' చివర గొంతు కొద్దిగా దించింది. కళ్ళు మూసుకుని విన్నది.

"తల్లీ... చెయ్యి కాలిందటగా. మందులు వేసుకో. నేను చెప్పేదాకా మానకు."

ఆయన ఎదురుగా కూచుని అంటున్నట్టే ఉంది. ఆయనే గనక అలా అని ఉంటే ఎంత బాగుండేదో అని కూడా అనిపించింది.

ఆసుపత్రికి వెళ్ళి అక్క చెవిలో చెప్పింది. "లోపలికి మాట పంపించాను. నీ సంగతి ఆయనకి చెప్పాను. ఇది టీవీలో రాదు. నీ ఒక్కదానికే."

వినిపించింది. మొదటి మాటకే అక్క కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. రెండోసారి వినిపించమని అడగలేదు, కుట్టినదా అని అడగలేదు. ఎడమచెయ్యి చాపింది. "ఏదీ, ఇలా ఇవ్వు బిళ్ళ."

మింగి, నాలుక చాపి చూపించింది.

"మొన్న నిన్ను అనుమానించానే," అంది. "నువ్వు నా కోసం లోపలిదాకా మాట పంపించావు. నాకు సిగ్గుగా ఉంది."

వరండాలో బావ కత్తెర రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. ఏం చేశావని అడగలేదు. కత్తెర కూడా చెప్పలేదు.

*

అక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె అడిగి తన ఫోన్‌లోకి ఎక్కించుకున్న ఆ 'నీ ఒక్కదానికే' మాట ఆదివారం సాయంత్రానికి లాండ్రీ ఆడవాళ్ళ గ్రూపులోకి వెళ్ళింది. అక్కడినుంచి బోధకుడి భక్తుల 'అయ్య బిడ్డలు' అనే పెద్ద గ్రూపుకు, అక్కడినుంచి ఊరంతటికీ. సోమవారం పొద్దున ప్రొడ్యూసర్ కత్తెరను తన గదికి పిలిచి, ఫోన్ బల్ల మీద పెట్టి, ఆ గొంతును మొదటినుంచి చివరిదాకా వినిపించాడు. ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"ఆ 'వేసుకో'... దుప్పటి దగ్గరది కదూ?"

ఆమె ఫోన్ వైపు చూసింది.

"ఆ రోజు డ్యూటీలో నేనున్నాను. అందుకే పట్టుకున్నా. లేకపోతే నాకూ తెలిసేది కాదు." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. మొహంలో కోపం లేదు, పనివాడు తోటి పనివాణ్ణి మెచ్చుకునే చూపు ఉంది. "మేం ఇన్నాళ్ళూ ఆయనతో నిప్పులు కక్కించాం. నువ్వు ఒక్క ముక్కతో జనాన్ని ఏడిపించావు. ఇరవై ఏళ్ళ పిల్లలు కూడా ఓట్లేస్తున్నారు రాత్రినుంచి. గెలిచేది ఆయనే ఇక."

"సర్, అది మా అక్క కోసం..."

"ఎవరి కోసమైతేనేం? వారానికొకటి చెయ్యి. మెత్తగా, చిన్నగా. మనం వేసినట్టు ఉండకూడదు, బయటికి జారినట్టు ఉండాలి." తలుపు దాకా వెళ్ళనిచ్చి వెనకనుంచి అన్నాడు. "ఆ నర్సు కేసు వేస్తానంటోందిట. పంచదార, గ్లాసు, ఏదో చెప్తోంది పేపర్ల వాళ్ళకి. ఆ తొమ్మిది నిమిషాలూ సర్వర్లోంచి తీసేయించాను. ఇంకెక్కడా లేవుగా?"

"లేవు సర్."

ఆ మాట అన్న నోటితోనే మెట్లు దిగుతూ తనను తాను తిట్టుకుంది. మంగళవారమంతా ఆలోచించింది. అక్క ఇంటికి వచ్చింది, పూటకొక బిళ్ళ వేసుకుంటోంది. ఇక నర్సు సంగతి చూడాలి. పంపిందెవరో తెలిస్తే ఉద్యోగం పోతుంది, పోనీ. బుధవారం పొద్దున లేవగానే రసీదు తీసి బల్ల మీద పెట్టుకుంది. నంబరు ఫోన్‌లో కొట్టింది. తొమ్మిది నిమిషాలనూ దానికి తగిలించింది. పంపే ముందు మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళింది.

అక్క అక్కడే ఉంది. ఎడమచేతి అరచేతిలో బిళ్ళ, గట్టుమీద గ్లాసు. బాల్కనీలోకి వెళ్ళడం మానేసింది. ఇప్పుడు ఇంటి మధ్య నిలబడి, 'అయ్యా' అనుకుని మింగుతోంది. కానీ ఇవాళ బిళ్ళ వైపు చూస్తూ నిలబడిపోయింది.

"ఏమైంది అక్కా?"

"గ్రూపులో పెట్టారు. ఆ నర్సు పేపర్లో చెప్పిందట, అయ్య పడిపోయినప్పుడు తనే నోట్లో పంచదార పెట్టి లేపానని." అక్క కళ్ళెత్తింది. "మొన్న నువ్వు చూపించిన దాంట్లోనూ అదే ఉంది. అప్పుడు నువ్వే కుట్టావనుకున్నా. నా మీద ప్రేమకొద్దీ, నన్ను భయపెట్టడానికి. ఇప్పుడేమో ఆవిడా అదే అంటోంది."

కత్తెర గ్లాసులోని నీళ్ళ వైపు చూసింది.

"నువ్వు అక్కడే ఉంటావు. నీకు తెలుసు. ఈసారి నువ్వేం చెప్తే అదే నమ్ముతానే, ఒట్టు. ఆయన మాట అబద్ధమైతే..." అక్క అరచెయ్యి కొద్దిగా వంగింది. బిళ్ళ అంచుకు జరిగింది. "ఆయన మాటే అబద్ధమైతే ఇది మాత్రం నేనెందుకు మింగాలి? చెప్పు. పెట్టిందా ఆవిడ?"

లోపలి గదిలో బావ పనికి బయల్దేరుతూ పనిముట్ల సంచి సర్దుకుంటున్నాడు. ఆ చప్పుడు ఆగింది. ఆయన కూడా వింటున్నాడు.

కట్టు అంచున అక్క వేళ్ళు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. గోళ్ళకింద చర్మం ఊడివస్తోంది.

"పెట్టలేదక్కా," అంది కత్తెర.

"మరి నువ్వు చూపించింది?"

"నేనే కుట్టాను. నువ్వన్నట్టే."

అక్క ఊపిరి వదిలింది. 'అయ్యా' అనుకుంది. బిళ్ళ నోట్లో వేసుకుని నీళ్ళు తాగి, అలవాటుగా నాలుక చాపి చూపించింది. తరవాత ఎడమచేత్తో ఫోన్ తీసి, అక్షరాలు కొట్టడం చేతకాక, నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడింది.

"అందరికీ చెప్తున్నా. మా చెల్లెలు అక్కడే పనిచేస్తుంది. తన కళ్ళతో చూసింది. ఆ నర్సు చెప్పేదంతా అబద్ధం. మా చెల్లెలే సాక్ష్యం."

పంపి, వెలుతురు దగ్గరికి జరిగి ఫోన్ చెల్లెలి చెవికి ఆనించింది.

"నాకివన్నీ కొత్త. సరిగ్గా వచ్చిందో లేదో విను."

కత్తెర పూర్తిగా విన్నది. "వచ్చింది," అంది.